ఊపిరికి వచ్చిన జబ్బు – కడుపులో కనిపించు గుర్తులు

విరేచనములు పట్టుకొన్నవాడు ముందునాడు తిన్నదేమిటని ఆలోచించును. దగ్గు పట్టుకొన్నవాడు చల్లగాలిలో తిరిగితిననుకొనును. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల పల్లెలలో సర్ది ఒక జబ్బు, బేదులు మరియొక జబ్బు. మొదటిది గాలివలన వచ్చుననియు, రెండవది నీటివలననో కూటివలననో వచ్చుననియు తరతరములుగా మనవారి నమ్మకము. ఈ నమ్మకము చాలవరకు నిజమే. కాని అన్ని వేళలందు నిజము కాదు. ఊపిరితిత్తులను పట్టు వైరసులలో కొన్ని కడుపును కూడ పట్టును. కొందరిలో కడుపునే ముందుగా పట్టును. ఈ సంగతి తెలియకపోవుట వలన ఒకే ఇంటిలో రెండు విధములుగా నష్టము కలుగును. రోగికి సరియైన ఉపచారము ఆలస్యమగును. అతడిది తిండివలన వచ్చిన బాధయే గదా యని పక్కన కూర్చున్నవారికి జబ్బు అంటును. అందుచేత ఈ విషయమును ప్రతి గృహస్థు, ముఖ్యముగా ఇంటిలో రోగులకు సేవచేయు స్త్రీలు, కొంత తెలిసికొని యుండుట మంచిది.

2020వ సంవత్సరమున లోకమంతటిని చుట్టుముట్టిన కోవిడ్ వ్యాధి ఈ విషయమును అందరి దృష్టికి తెచ్చినది. అమెరికాలో మొట్టమొదట గుర్తింపబడిన కోవిడ్ రోగి ఆ సంవత్సరము జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రమున ఆసుపత్రిలో చేరెను. దగ్గు, జ్వరములతోపాటు రెండు దినములుగా వికారము, వాంతులు ఉన్నవని అతడు వైద్యులకు చెప్పెను. చేరిన రెండవ దినమున అతనికి విరేచనమయ్యెను. ఆ మలమును పరీక్షింపగా అందులో వైరసు జాడ కనిపించెను. ఇంచుమించు అదే కాలమున చైనా వైద్యులు 1,099 మంది రోగుల వివరములను ప్రకటించిరి. వారిలో నూటికి నలుగురికి విరేచనములు, నూటికి ఐదుగురికి వికారమో వాంతులో ఉన్నట్లు తేలినది. ఇది చిన్న సంఖ్యయే. అయితే తరువాతి మాసములలో పలు దేశముల వైద్యులు కడుపు సంగతి కూడ రోగులను విడిగా అడుగసాగిరి. అప్పుడు ఆ సంఖ్య పెరిగి, పదిమందిలో ఒకరికి మొదలు ఐదుగురిలో ఒకరికి వరకు ఏదో యొక కడుపుబాధ ఉన్నట్లు కనబడినది. ఆకలి మందగించుటను కూడ లెక్కించినచో ఇంకను ఎక్కువమంది తేలుదురు.

తెలంగాణలో మొదటి కోవిడ్ రోగిని 2020 మార్చి 2వ తేదీన ప్రకటించిరి. ఆ నెలాఖరుకు దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. బొంబాయి, పూనా నగరములలో ఇండ్లు కట్టు పనులకు వలసపోయిన పాలమూరు కూలీలు ఎన్నో కష్టములకోర్చి స్వగ్రామములకు తిరిగివచ్చిరి. దారిలో వారిని నిలిపి, నుదుటికెదురుగా ఉష్ణమాపకమును పట్టి జ్వరము చూచిరి; దగ్గు ఉన్నదా యని అడిగిరి. ఆ పరీక్ష అవసరమైనదే. కాని ఒళ్లు వెచ్చబడక, దగ్గు రాక, ఆకలి చచ్చి రెండుసార్లు విరేచనమైన మనిషి అట్టి పరీక్షలో దొరకడు. తానుకూడ దానిని జబ్బుగా చెప్పుకొనడు. దారిలో తిన్న తిండి పడలేదనుకొనును. రుచి, వాసన తెలియకపోవుటను కేంద్ర ఆరోగ్యశాఖ కోవిడ్ గుర్తులలో చేర్చినది కూడ 2020 జూన్ మాసముననే. కొత్తవ్యాధి వచ్చినప్పుడు దాని గుర్తుల పట్టిక ఒక్కనాటితో పూర్తికాదని దీనివలన తెలియుచున్నది.

ముక్కులో ప్రవేశించిన వైరసు కడుపులోనికి ఎట్లు పోవును? వైరసు తనంతట తాను బ్రతుకలేదు. శరీరములోని కణములలో చొచ్చి, అక్కడనే తన సంతతిని పెంచుకొనవలెను. కణములో చొచ్చుటకు దానికొక ద్వారము కావలెను. కోవిడ్ వైరసుకు అట్టి ద్వారము కణముల పైపొరపైనుండు ఎ.సి.ఇ.-2 అను మాంసకృత్తు. ఇది ముక్కులోను, ఊపిరితిత్తులలోను కలదు. చిన్నప్రేగుల లోపలి గోడలపై ఇంకను సమృద్ధిగా కలదు. అక్కడ అది మనము తిన్న అన్నపు సారములో కొంతభాగమును శరీరము గ్రహించుటకు తోడ్పడుచుండును. గొంతులోని కఫమును మనము తెలియకయే మ్రింగుచుందుము. ఆ కఫముతో వైరసు కడుపునకు చేరును. జఠరములోని ఆమ్లము చాలభాగమును చంపినను, జిగటగా నున్న కఫము మరుగున కొంత తప్పించుకొని ప్రేగులకు చేరగలదని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. ప్రయోగశాలలో పెంచిన మానవ ప్రేగుకణములలో ఈ వైరసు ప్రవేశించి వృద్ధిపొందగలదని 2020లోనే ఋజువైనది. ప్రేగుగోడ కణములు దెబ్బతినినప్పుడు అవి నీటిని, ఉప్పును సరిగా పీల్చుకొనలేవు. పీల్చుకొనని నీరు విరేచనమై పోవును.

అయితే ప్రతి కడుపుబాధయు వైరసు ప్రేగులలో చేరినందువలననే వచ్చునని అనుకొనరాదు. వైరసు ఊపిరితిత్తులలోనే ఉన్నను, దానితో పోరాడుటకు శరీరము కొన్ని రసాయనములను రక్తములోనికి వదలును. ఇవియే జ్వరమును, ఒళ్లునొప్పులను కలిగించును. ఇవియే ఆకలిని చంపి, వికారమును పుట్టించును. పసిపిల్లలలో మరియొక కారణము కలదు. వారు కఫమును ఉమ్మలేక మ్రింగుదురు. దగ్గు తెర ఎక్కువైనప్పుడు ఆ కుదుపునకు తిన్నది కక్కుదురు. చివరగా, మందులు. జబ్బును కుదుర్చవలెనని వేసిన మందులే కడుపును చెరుపుట మిక్కిలి సాధారణము. దానిని గురించి మరల చెప్పుదును.

కోవిడ్ ఒక్కటియే ఇట్టిది కాదు. 2009లో ప్రపంచమంతట వ్యాపించినట్టియు, 2015 ప్రారంభమున తెలంగాణలో తీవ్రముగా విజృంభించినట్టియు స్వైన్ ఫ్లూలో వాంతులు, విరేచనములు ఏటేటవచ్చు మామూలు ఫ్లూలో కంటె ఎక్కువగా కనిపించినవి. మామూలు ఫ్లూలో కూడ పెద్దలకంటె పిల్లలలో ఈ గుర్తులు ఎక్కువ. తట్టు పోసిన పిల్లలకు దగ్గుతోపాటు విరేచనములగుట మన అమ్మమ్మలు కూడ ఎరిగినదే. 2003లో హాంకాంగ్ నగరమున సార్స్ అను వ్యాధి ఎమోయ్ గార్డెన్స్ అను బహుళ అంతస్తుల నివాసములలో 300 మందికి పైగా సోకినది. ఆ రోగులలో మూడింట రెండువంతుల మందికి విరేచనములైనవి. స్నానపు గదులలోని మురుగునీటి గొట్టముల వంపులలో నీరు ఎండిపోయి, ఆ గొట్టముల ద్వారా మలినమైన తుంపరలు ఒక ఇంటినుండి మరియొక ఇంటికి ప్రాకినవని విచారణలో తేలినది.

మన రాజధానిలోని మురుగునీరు కూడ ఒక సాక్ష్యము చెప్పినది. కోవిడ్ రోగులలో సుమారు సగముమంది మలములో వైరసు జన్యుపదార్థపు జాడ కనిపించును. ముక్కులోని వైరసు తొలగిపోయిన తరువాత కూడ కొందరిలో అది కొన్ని వారములు కొనసాగును. ఈ సూత్రమును ఆధారము చేసికొని హైదరాబాదులోని సి.సి.ఎం.బి., భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు 2020లో నగరపు మురుగునీటి శుద్ధి కేంద్రములనుండి నమూనాలు తీసి పరీక్షించిరి. ఇంటింటికి పోయి ముక్కులు పరీక్షింపకయే, నగర జనాభాలో నూటికి ఆరుగురికి పైగా ఇటీవలి వారములలో వైరసు సోకినదని ఆగస్టు మాసమున అంచనా కట్టిరి. అప్పటికి పరీక్షలలో తేలిన రోగుల సంఖ్యకంటె ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. చాలమందికి జబ్బు వచ్చినట్లే తెలియలేదన్నమాట.

ఇది విని భయపడనవసరము లేదు. ఆ మురుగునీటిలో దొరికినది వైరసు శకలములే గాని, జబ్బును అంటించు శక్తిగల వైరసు కాదని ఆ శాస్త్రజ్ఞులే స్పష్టపరచిరి. ఈ వ్యాధులు ప్రధానముగా ఊపిరిద్వారా, దగ్గు తుంపరలద్వారా, గాలి ఆడని గదులద్వారా వ్యాపించును. మలము ద్వారా వ్యాపించుట అరుదు. అయినను రోగి వాడిన మరుగుదొడ్డిని శుభ్రముగా ఉంచుట, మూతయున్నచో మూసి నీరు వదలుట, పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనుట మానరాదు. ఈ అలవాటు వైరసునుండియే గాక గత్తర, టైఫాయిడు మొదలగువాటినుండియు కాపాడును.

ఇక గృహస్థునకు కలుగు ప్రశ్న: ఈ విరేచనములు తిండివలన వచ్చినవా, ఊపిరి జబ్బువలన వచ్చినవా? లక్షణములను మాత్రము చూచి నిశ్చయముగా చెప్పుట వైద్యునకు కూడ కష్టము, పరీక్ష చేయవలెను. కాని ఇంటిలో కొన్ని సంగతులు విచారించి చూడవచ్చును. ఇంటిలోగాని, ఇరుగుపొరుగునగాని, పనిచేయుచోటగాని ఎవరికైన జ్వరము, దగ్గు ఉన్నవా? రోగికి గొంతునొప్పి, ఒళ్లునొప్పులు, రుచి వాసనలు తెలియకపోవుట మొదలైనవి తోడైనవా? కలిసి భోజనము చేసినవారిలో ఇతని కొక్కనికే బాధ కలిగినదా? ఒకే బంతిలో తిన్నవారందరు కొద్దిగంటలలో వాంతులు చేసికొన్నచో అది తిండి దోషము కావచ్చును. ఒకనికి నేడు విరేచనములు, రెండు దినములకు అతని భార్యకు దగ్గు, మరి రెండు దినములకు ముసలితల్లికి జ్వరము వచ్చినచో వైరసును అనుమానింపవలెను. ఆ అనుమానము తోచిన క్షణమునుండి రోగిని గాలి వెలుతురుగల చోట వేరుగ పడుకోబెట్టి, ఉపచారము చేయువారొకరు మాత్రమే మూతికి మాస్కు కట్టుకొని దగ్గరకు పోవలెను.

దీనికి మరొక ప్రక్క కూడ కలదు. ప్రతి విరేచనమును కోవిడ్ అనుట కూడ పొరపాటే. వానలు పడి బావులు, బోర్లు, నల్లా గొట్టములు కలుషితమగు దినములలో మన జిల్లాలలో విరేచనములకు నీరే ముఖ్యకారణము. టైఫాయిడులోను, డెంగ్యూలోను కూడ జ్వరముతోపాటు కడుపుబాధ ఉండును. మలములో రక్తము పడినను, బియ్యపు కడుగువలె తెల్లనినీరు ధారగా పోయినను, జ్వరము ఐదారు దినములు విడువకున్నను ఊపిరి జబ్బని సరిపెట్టుకొనక వెంటనే వైద్యునకు చూపవలెను.

కారణమేదైనను, ముందుగా కాపాడవలసినది శరీరములోని నీటిని. జ్వరమువలన చెమటరూపమున నీరు పోవును. వేగముగా ఊపిరి పీల్చుటవలన ఆవిరిరూపమున పోవును. వీనికి తోడు విరేచనములు, వాంతులు. ఆకలి, దప్పి మందగించుటవలన లోనికి పోవు నీరు తక్కువ. నాలుగు ప్రక్కల నష్టము, రాబడి శూన్యము. నాలుక ఎండుట, కన్నులు లోతుకు పోవుట, ఆరేడు గంటలు మూత్రము రాకపోవుట, పొత్తికడుపు మీది చర్మమును పట్టి విడిచినచో మెల్లగా సర్దుకొనుట – ఇవి నీరు తగ్గినదనుటకు గుర్తులు. వృద్ధులకు దప్పి అంతగా తెలియదు. వారు అడుగలేదని ఇవ్వకుండుట ప్రమాదము. రక్తపుపోటుకు మూత్రము జారీచేయు మాత్రలు వాడువారును, మధుమేహమునకు మందులు వాడువారును విరేచనములు మొదలైన నాడే వైద్యుని అడిగి, ఆ మందులు ఎట్లు వాడవలెనో తెలిసికొనవలెను.

విరేచనములగునప్పుడు నీరు త్రాగినచో అవి హెచ్చునని కొందరు నీరు ఇయ్యరు. ఇది ప్రాణాపాయమైన నమ్మకము. ప్రేగులు దెబ్బతినినప్పుడు కూడ ఉప్పును, చక్కెరను తగుపాళ్లలో కలిపి ఇచ్చినచో, ఆ రెంటితోపాటు నీటిని అవి పీల్చుకొనగలవు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బెంగాలులోని బన్‌గాఁవ్ శిబిరములలో గత్తరతో చనిపోవుచుండగా, డాక్టరు దిలీప్ మహలనోబిస్ ఈ ద్రావకమునే త్రాగించి వేలమంది ప్రాణములు కాపాడెను. నేడు ఓ.ఆర్.ఎస్. పొట్లము ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునను, ఆశా కార్యకర్తల వద్దను దొరకును. లీటరు పొట్లమును పూర్తిగా ఒక లీటరు నీటిలో కలుపవలెను. కొంచెము కొంచెము తీసి అందాజుగా కలుపరాదు. కలిపినది 24 గంటలలోపల వాడి, మిగిలినది పారబోయవలెను. పొట్లము దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, తలగొట్టిన అర చెంచా ఉప్పు కలిపి ఇయ్యవచ్చును. విరేచనమైన ప్రతిసారి రెండేండ్లలోపు పిల్లలకు పావుగ్లాసు మొదలు అరగ్లాసు వరకు, పదేండ్లలోపు వారికి అరగ్లాసు మొదలు గ్లాసు వరకు, పెద్దలకు త్రాగగలిగినంత ఇయ్యవలెను. వాంతియైనచో పది నిమిషములాగి, చెంచా చెంచాగా మరల మొదలిడవలెను. నల్లగొండవారికి ఒక్కమాట: నీటిని కాచుటవలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. కావున ఫ్లోరైడున్న బోరునీటిని కాక, శుద్ధిచేసిన నీటినే తీసికొని కాచవలెను.

ఊరిలో జ్వరమనగానే సీసా ఎక్కించుకొనుట మనవారికి మోజు. అయిదుశాతపు గ్లూకోజు అరలీటరు సీసాలో ఉన్నది 25 గ్రాముల గ్లూకోజు మాత్రమే – అయిదారు చెంచాల చక్కెరపాటి. నోటితో త్రాగగలిగినవానికి సూదిద్వారా దానిని ఇచ్చుటవలన అదనపు బలమేమియు రాదు. పైగా ఊపిరితిత్తులలో వాపు ఉన్న రోగికి అవసరము లేని నీరు నరములద్వారా ఎక్కువగా ఎక్కించినచో ఆయాసము హెచ్చవచ్చును. రోగి త్రాగలేని స్థితిలో ఉన్నప్పుడు, లేక నీరు మితిమీరి తగ్గినప్పుడు సెలైన్ ప్రాణదాతయే. కాని ఆ నిర్ణయము వైద్యునిది.

లంఖణము పరమౌషధమను సామెత ఉన్నది. తిన్నది అరుగనప్పుడు ఒకపూట మానుటకు అది చెల్లును. జ్వరముతో పదిదినములు పోరాడవలసినవానికి చెల్లదు. ఆకలి లేనివానికి కొంచెము కొంచెముగా, పలుమారులు ఇయ్యవలెను. మన ఇండ్లలోని జొన్న అంబలి, తైదల జావ, ఉప్పువేసిన గంజి, పలుచని మజ్జిగ, పెసరకట్టు, మెత్తని అన్నము ఇందుకు తగినవి. అతితియ్యని శీతలపానీయములు ప్రేగులలోనికి నీటిని లాగి విరేచనములను హెచ్చించును. చంటిబిడ్డకు తల్లిపాలు ఎట్టి స్థితిలోను మానిపింపరాదు. విరేచనములైన పిల్లలకు వైద్యుని సలహాపై 14 దినములు జింకు మందు ఇచ్చుట మంచిది.

మందుల విషయము మరల చెప్పుదుననియుంటిని. వైరసులపై యాంటీబయోటిక్కులు పనిచేయవు. కాని అజిత్రోమైసిన్ వంటివి ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులను చంపి, విరేచనములు కలిగింపగలవు. అప్పుడు ఆ విరేచనములను ఆపుటకు మరియొక మాత్ర. అది పడక ఇంకొక మాత్ర. సి విటమిన్ హెచ్చుమోతాదులో మింగినను విరేచనములగును; జింకు మాత్రలు పరగడుపున వేసికొన్నను వికారము కలుగును. మిరియాలు, శొంఠి దట్టించిన కషాయమును దినమునకు నాలుగైదుసార్లు త్రాగినచో కడుపుమంట పుట్టవచ్చును. అందుచేత జ్వరము వచ్చిన నాటినుండి ఏయే మందు ఎప్పుడు వేసికొన్నది ఒక కాగితముమీద వ్రాసి, వైద్యునకు చూపవలెను. విరేచనములను బిగించు మాత్రలను పిల్లలకు ఎన్నడును ఇయ్యరాదు.

కోవిడ్ రోగులలో కడుపుబాధలు పెక్కుమందికి కొద్దిదినములలో వాటంతట అవియే తగ్గును. కాని కడుపు తగ్గినదని ఊపిరిని మరువరాదు. ఆయాసము తరచు ఐదారు దినముల తరువాత మొదలగును. వ్రేలికి తగిలించు ఆక్సిమీటరులో అంకె 94 కంటె తగ్గినను, మాట మాటకు ఊపిరి ఆడకున్నను, రొమ్ము బిగిసినట్లున్నను, మనిషి మగతగా నున్నను, త్రాగినదెల్ల వాంతియగుచున్నను ఇంటిలో ఉంచరాదు. రెండు నెలలు నిండిన ఏడాదిలోపు బిడ్డ నిమిషమునకు 50 సార్లు, ఒకటినుండి ఐదేండ్ల బిడ్డ 40 సార్లు, లేక అంతకుమించి ఊపిరి తీయుచున్నచో అది న్యుమోనియా గుర్తు. గడియారము ముందు పెట్టుకొని ఎవరైనను లెక్కింపవచ్చును. అప్పుడు 108కి టెలిఫోను చేసి దవాఖానకు చేర్చవలెను. మన ప్రాంతమున మహబూబ్‌నగర్‌లో 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. బీబీనగర్‌లో ఎయిమ్స్ కలదు. హైదరాబాదువరకు పోవలెనని జాగుచేయుటకు వెనుకటివలె కారణము లేదు.

కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన ప్రకటించినది. వైరసు మాత్రము లోకమును విడువలేదు. ఫ్లూ ఏటేట వచ్చుచునే యున్నది. వచ్చు చలికాలమునగాని, వానలలోగాని ఇంటిలో ఎవరికైన విరేచనములైనచో, ఏమి తింటివని అడిగినంతటితో ఊరకుండక, దగ్గున్నదా, ఒళ్లు వెచ్చగా ఉన్నదా, ఊపిరి బాగుగా ఆడుచున్నదా యని కూడ అడుగుడు. దగ్గుతో పడుకొన్నవానిని, అన్నము సయించుచున్నదా, నీరు త్రాగితివా, మూత్రము వచ్చినదా యని అడుగుడు. ఇంటిలో రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లములు, ఒక ఉష్ణమాపకము సిద్ధముగా ఉంచుకొనుడు. వీనికి పెద్ద ఖర్చు లేదు. ముసలివారున్న ఇంటను, పసిపిల్లలున్న ఇంటను ఇవి తప్పక ఉండవలెను.